నోరు తెరిచిన బండ

ముందే చెబుతున్నాను, మధ్యలో ఎవరైనా కిసుక్కున నవ్వారంటే లేచి వెళ్ళిపోతాను. నా పనే అబద్ధాలు చెప్పడం, ఒప్పుకుంటాను. ఫిల్మ్‌నగర్‌లో మైకు ముందు నిలబడి నాది కాని ఏడుపు ఏడ్చాను. నాకు పుట్టని పిల్లల్ని పోగొట్టుకున్నాను. ఎవరి మొగుళ్ళతోనో సరసాలాడాను. అన్నీ గొంతుతోనే లెండి! హెడ్‌ఫోన్ తీసేస్తే అంతా హుష్‌కాకి. కానీ ఇప్పుడు చెప్పేదానికి తెర లేదు, డైలాగు పేపరు లేదు. నా ఈ రెండు చెవులతో విన్నాను. ఈ చెవులే నాకు అన్నం పెడుతున్నాయి. వీటిని అనుమానిస్తే రేపటినుంచి నేను పనికి వెళ్ళక్కర్లేదు.

కామేశం బాబాయ్ గురించి చెబితేగానీ మీకు అర్థం కాదు.

నాకు సొంత బాబాయేం కాదు. తెనాలి మనిషి. డబ్బింగ్‌లో నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. కొత్తల్లో నేను ఆయాసపడుతూ డైలాగు చెబుతుంటే, "ఏమ్మాయ్, డైలాగు చెబుతున్నావా, మెట్లెక్కుతున్నావా?" అని అందరి ముందూ పరువు తీసేవాడు. ఆ తర్వాత తనే తీసుకెళ్ళి టీ ఇప్పించేవాడు. హీరోల తండ్రులకీ, జడ్జీలకీ, పక్క రాష్ట్రాలనుంచి వచ్చిన విలన్లకీ ఆయనే గొంతు. ఆ గొంతు వినని తెలుగువాడు లేడు. ఆ మొహం తెలిసినవాడు మాత్రం వీధిలో ఒక్కడూ లేడు.

శ్రీనగర్ కాలనీలో ఒక మేడకింద వాటాలో ఉండేవాళ్ళు ఆయనా, సుగుణ పిన్నీ. పిల్లలు లేరు. డబ్బింగ్ థియేటర్ నుంచి ఇంటికి వచ్చేసరికి ఏ వేళ అయినా సరే, గేటు దగ్గర నిలబడి పాత పద్ధతిలో ఒక కేక వేసేవాడు.

"ఇదిగో... వచ్చేశా... తలుపు తియ్యి."

పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం ఆ తరానికి ఎక్కడ వచ్చు? ఆ "ఇదిగో"నే ఆవిడ పేరు. పిన్ని లోపలినుంచి "వస్తున్నా, ఉండండి!" అనేది. అంటూనే పరుగులాంటి నడకతో వచ్చేది. ఆ కేక విని ఎదురింటావిడ పొయ్యిమీద పప్పు దించుకునేదని కాలనీలో ఒక జోకు.

తర్వాత ఆయన గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేశారు. మనిషి దక్కాడు. గొంతు పోయింది. మెడ దగ్గర చిన్న రంధ్రం, దానిమీద తెల్లగుడ్డ. పెదాలు మాట్లాడతాయి, చప్పుడు రాదు. పాపం పిన్నికి ఆ పెదాలు సరిగ్గా అర్థమయ్యేవి కావు. నాకు అర్థమయ్యేవి. పెదాలు చూసి మాట పట్టుకోవడం నా ఉద్యోగం కదా! అందుకని వారానికోసారైనా నాకు ఫోను వచ్చేది. "శ్యామలా, ఒకసారి వచ్చి వెళ్ళవే. పొద్దుట్నుంచీ ఏదో అంటున్నారు, నాకు అర్థంకాక చస్తున్నాను." వెళ్ళి చూస్తే ఏముంటుంది... చారులో ఉప్పెక్కువైందని అంటుంటాడు మహానుభావుడు.

గేటు దగ్గర కేక మాత్రం ఆగిపోయింది. ఉంగరంతో గడియమీద కొట్టేవాడు. టక్... టక్. పిన్ని మాట్లాడకుండా వచ్చి తలుపు తీసేది.

ఒకరోజు వంటింట్లో చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ, నా మొహంలోకి చూడకుండా అంది.

"ఇన్ని సినిమాల్లో ఆయన గొంతుంది కదా. ఒక్కదాంట్లోనూ ఆయన లేరే. అందరూ ఎవరో. నన్ను పిలిచిన పిలుపు ఎక్కడా లేదు. ముందే తెలిస్తే నీ చేత ఒక్క ముక్క రికార్డు చేయించి దాచుకునేదాన్ని. మళ్ళీ ఒక్కసారి వింటే చాలే, శ్యామలా... ఒక్కసారి."

నేనూ చిక్కుళ్ళు అందుకుని ఈనెలు తీశాను. కళ్ళు మండాయి. కోపమొచ్చింది. ఎవరిమీదో తెలియదు.

బాబాయ్ ఇల్లు కదలడం మానేశాడు. గొంతు పోయాక తనని గుర్తుపట్టే ఆధారమే పోయిందని ఆయన బాధ. నాకు మొండిపట్టు వచ్చింది. ఒక ఆదివారం సాయంత్రం వెళ్ళి, "లేవండి, పడవెక్కుదాం" అన్నాను. పెదాలతో "పిచ్చా?" అన్నాడు. "అవును, మీరు నేర్పిందే" అన్నాను. పిన్ని అప్పటికే చీర మార్చుకుని చెప్పులేసుకుంది.

దుర్గం చెరువులో పడవలు తిప్పుతున్న కొత్తరోజులవి. జూబ్లీహిల్స్ దాటి మాదాపూర్‌లో దిగితే అంతా దుమ్ము. ఇటు చూస్తే అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి, అటు చూస్తే బండలు పేలుస్తున్నారు. మా ఆయన పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా ఆ ఒడ్డునే. కానీ చెరువులోకి దిగితే... ఆ గోలంతా ఏమవుతుందో తెలియదు. చుట్టూ బండలే. ఒకదానిమీద ఒకటి, ఎవరో పేర్చి మరిచిపోయినట్టు. అంత పెద్ద బండ ఇంత చిన్న రాయిమీద ఎలా నిలబడిందో చూస్తే మనకే కాళ్ళు వణుకుతాయి.

మా పడవాయన యాదగిరి. రహమత్ నగర్ మనిషి, నోరు కట్టేసుకుని కూర్చునే రకం కాదు.

"జర సంభాళించి కూసోండ్రమ్మా. గిదే ఆఖరి ట్రిప్పు. గా బండ జూడుండ్రి, ఏనుగు పండుకున్నట్టు లేదా? గది తాబేలు. గాడ జూస్తే ముసలమ్మ మూట మోస్తున్నట్టుంటది."

బాబాయ్ తాబేలు బండకేసి చూసి నా మోచేయి పొడిచాడు. మెడ ముందుకి చాచి, పెదాలు నెమ్మదిగా కదిలించాడు. నాకు వెంటనే అందింది. ముసలి గొంతు పెట్టి అందుకున్నాను.

"ఎన్నాళ్ళనుంచి కూర్చున్నానో నాయనా... నడుం పట్టేసింది!"

యాదగిరి ఎగిరిపడ్డాడు. పిన్ని పకపకా నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆవిడ అలా నవ్వి! ఇక చూస్కోండి. బాబాయ్ నటించడం, నేను గొంతివ్వడం. ఏనుగు గురకపెట్టింది. మూట ముసలమ్మ ఆటో దొరకలేదని తిట్టింది. బొజ్జ ఉన్న బండ ఒకటుంటే దాన్ని నిర్మాతను చేసి, "కథ బాగుంది, కానీ కథెందుకయ్యా?" అనిపించాం. బాబాయ్ భుజాలు కుదుపుకుంటూ నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా. ఆ మెడ దగ్గర గుడ్డ మాత్రం ఎగిరెగిరి పడుతోంది. నాకు ఆయన్ని గట్టిగా కావలించుకోవాలనిపించింది. ఇప్పటికీ తలుచుకుంటే అదే అనిపిస్తుంది.

పొద్దుగూకింది. నీళ్ళు నల్లబడ్డాయి.

చెరువు మలుపు తిరిగే చోట యాదగిరి ఇంజను ఆపేశాడు. "గీడ అందరు పిలుస్తరమ్మా. గట్టిగ పిలిస్తే బండలు మల్ల పలుకుతయి. పెద్దయ్యా, మీరు పిలువుండ్రి జర!"

నాకు ఒళ్ళు మండి, "నీకు కళ్ళు లేవా అన్నా, ఆ మెడ కనబడట్లేదా?" అని కసిరాను. యాదగిరి చూశాడు. పాపం, మొహం చిన్నబోయింది. "మాఫ్ చెయ్యుండ్రి పెద్దయ్యా, చీకట్ల జూడలే" అన్నాడు. బాబాయ్ ఆయన భుజం తట్టాడు, ఫరవాలేదన్నట్టు.

అప్పుడు చూశాం ఆ బండని.

మిగతావాటికన్నా ముందుకు వచ్చి నీళ్ళమీదికి వంగి ఉంది. నుదురు, ముక్కు, దానికింద నల్లగా ఒక చీలిక... నోరు తెరిచిన మనిషి. ఏదో అనబోతూ ఆగినట్టు. నేను ఆట ఆపడం ఇష్టంలేక, దాని గొంతు ఎలా ఉంటుందా అని వెతుక్కుంటూ నోరు తెరిచాను. బాబాయ్ చేయి అడ్డం పెట్టాడు. తన గుండెమీద వేలు పెట్టుకున్నాడు. పెదాలతో అన్నాడు.

"ఇది నాది."

సరేనని ఊరుకున్నాను.

అంతలో కరెంటు పోయింది. అవతలి ఒడ్డున దీపాలన్నీ ఒక్క దెబ్బకి ఆరిపోయాయి. ఆ అద్దాల బిల్డింగులకి జనరేటర్లుంటాయి కదా... అవి అందుకునేలోపు కాస్త వ్యవధి ఉంటుంది చూడండి... ఆ వ్యవధిలో. కప్పలు ఆగాయి. పడవ అడుగున నీళ్ళు కొట్టుకోవడం వినిపిస్తోంది. టపుక్... టపుక్... అదొక్కటే.

"ఇదిగో..."

బండల్లోంచి.

"వచ్చేశా... తలుపు తియ్యి."

నా చెయ్యి పడవ అంచుకి అతుక్కుపోయింది. అది బాబాయ్ గొంతు. మరొకరిది ఎలా అవుతుంది? చివర "తియ్యి" దగ్గర కొంచెం కిందికి దించుతాడు, ఊపిరిని గొంతులోనే మడతపెట్టి... అది నాకు నేర్పాలని ఎంతో ప్రయత్నించాడు, నాకు రాలేదు. ఎవరికీ రాలేదు. చప్పున బాబాయ్ మొహంలోకి చూశాను. పెదాలు బిగుసుకుని ఉన్నాయి. కదల్లేదు. ఒట్టు... కదల్లేదు. ఆయన కూడా ఆ బండనే చూస్తున్నాడు.

ఇప్పుడు నేను చేసిన పని చెబితే మీరు నన్ను కొడతారు.

ఇన్నేళ్ళ అలవాటు. థియేటర్లో గొంతు వచ్చి, పెదాలు కదలకపోతే ఏమంటాం? సింక్ కాలేదంటాం. నా బుర్ర పనిచెయ్యలేదు. నోరే పనిచేసింది. గట్టిగా అనేశాను.

"సింక్ కాలేదు బాబాయ్... వన్ మోర్!"

ఆ చీకట్లో, ఆ నీళ్ళమీద, దేన్నయితే విన్నానో దాన్నే మళ్ళీ చెప్పమన్నాను. మా ఫీల్డువాళ్ళు తప్ప భూమ్మీద ఎవరైనా చేస్తారా ఈ పని? టపుక్... టపుక్... యాదగిరి ఊపిరి నాకు వినపడుతోంది. అనుకున్నాను, ఇంక రాదు. రాకూడదు. దేవుడా, రాకూడదు...

వచ్చింది.

"ఇదిగో..."

ఈసారి దగ్గరగా. మొదటిసారికన్నా మెత్తగా. నటుడు రెండో టేకులో ఇంకాస్త బాగా చెబుతాడు చూడండి... అలా.

బాబాయ్ పెదాలు కదిలాయి.

"వచ్చేశా..."

ఎక్కడా తేడా లేదు. బతుకంతా ఎవరెవరి పెదాలకో గొంతిచ్చిన మనిషి... ఆ గొంతుకి తన పెదాలిస్తున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవట్లేదు. "తలుపు తియ్యి" అన్నప్పుడు పై పెదవి కొంచెం వంకర పోతుంది ఆయనకి. సరిగ్గా అక్కడే పోయింది.

పడవ అటు పక్కనుంచి పిన్ని లేచి నిలబడింది.

"పలుకకుండ్రమ్మా!" యాదగిరి కేక పెట్టాడు. "చీకట్ల ఎవరు పిలిచినా పలుకద్దు! కూసోండ్రి!"

పిన్ని వినలేదు. ఇంట్లో ఏ స్వరంతో అంటుందో అదే స్వరంతో, బండకేసి, నెమ్మదిగా అంది.

"వస్తున్నా, ఉండండి."

పడవ ఊగింది. బాబాయ్, నేను ఇద్దరం ఆవిడ చీర పట్టుకున్నాం. ఆ కంగారులో, భయంలో, నా దిక్కుమాలిన నోరు మళ్ళీ... టేకు బాగా వస్తే ఏమంటామో అదే అంది.

"ఓకే."

అంతే. ఓకే అన్నాక ఆ డైలాగు ఇంక ఎవరూ చెప్పరు కదా. అవతలి ఒడ్డున జనరేటర్లు గుర్రుమన్నాయి. దీపాలు వెలిగాయి. కప్పలు అందుకున్నాయి. మేం చాలాసేపు ఎదురుచూశాం. యాదగిరి కూడా ఇంజను వెయ్యకుండా కూర్చున్నాడు. ఏమీ రాలేదు.

ఒడ్డున దిగాక యాదగిరి నన్ను పక్కకి పిలిచాడు. "అమ్మా, ఏంది గది? మీరు చేసిన గొంతేనా?" అన్నాడు. ఆ గొంతు నాకొస్తే ఇంకేం కావాలి అన్నాను. ఆయన చేతులు జోడించి, దేనికో తెలియదు, చెరువుకి దణ్ణం పెట్టాడు.

ఆటోలో ఇంటికి వచ్చాం. నాకు ఒకటే గుబులు... పలకకూడనిదానికి పలికింది పిన్ని. ఆవిడకేం అవుతుందో అని. గేటు దగ్గర ఆటో ఆగగానే పిన్ని మాకన్నా ముందు దిగి గబగబా లోపలికి వెళ్ళింది. తలుపు మూసేసింది. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. బాబాయ్ గేటు దగ్గరే నిలబడ్డాడు. ఉంగరం ఉన్న చెయ్యి గడియదాకా వెళ్ళింది... ఆగింది. కిందికి దించేశాడు.

వీధిదీపం వెలుగులో ఆయన పెదాలు కదిలాయి. ఏమన్నాడో మీకు వేరే చెప్పక్కర్లేదు.

నాకేం వినపడలేదు. ఒట్టు, ఏమీ వినపడలేదు.

లోపలినుంచి పిన్ని గొంతు వచ్చింది. "వస్తున్నా, ఉండండి!" ఆ తర్వాత పరుగులాంటి ఆ నడక. తలుపు తెరుచుకుంది.

ఆ రాత్రినుంచి బాబాయ్ పోయేదాకా ఆ ఇంట్లో అదే వరస. మళ్ళీ గడియ కొట్టలేదు. తలుపు మూసి ఉంటే ఆవిడకి ఆయన పెదాలు కనపడే వీలు లేదు. "ఎలా తెలుస్తుంది పిన్నీ?" అని ఒకసారి అడిగాను. "నువ్వు ఓకే చేశావుగా" అంది నవ్వుతూ.

మా ఆయనకి చెబితే సాఫ్ట్‌వేర్ బుర్రతో వివరంగా విడమరిచి చెప్పాడు. ఏ వాచ్‌మన్ గుడిసెలోనో బ్యాటరీ రేడియోలో సినిమా మాటలు వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం వస్తుండి ఉంటుందట. మీ బాబాయ్ గొంతు ఏ సినిమాలో లేదు చెప్పు, "వచ్చేశా, తలుపు తియ్యి" ఏ సినిమాలో ఉండదు చెప్పు అన్నాడు. మరి వన్ మోర్ అంటే మళ్ళీ ఎందుకు చెప్పింది? బండల ఎకో అన్నాడు. ఎకో రెండోసారి తగ్గుతుంది కదా, ఇది ఇంకా దగ్గరగా వచ్చింది కదా! భయంలో అలా అనిపిస్తుందన్నాడు. అన్నిటికీ జవాబుంది ఆయన దగ్గర. ఇద్దరం కలిసి పగలు వెళ్ళి చూశాం కూడా. అది నోరు కాదు. రెండు బండల మధ్య సందు, అందులో పావురాల రెట్ట. గుడిసె కూడా ఒకటుంది పైన. రేడియో ఉందో లేదో అడగబోతుంటే నేనే మా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఎందుకు లాక్కొచ్చానంటే చెప్పలేను.

బాబాయ్ పోయాక పిన్నిని వెంగళరావు నగర్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను. కేబుల్ టీవీలో మధ్యాహ్నాలు పాత సినిమాలు వస్తాయి. పని లేనప్పుడు నేను చూస్తాను. నిజం చెబుతున్నాను, కథ కోసం చూడను. ఆ డైలాగు ఎక్కడైనా ఉందేమోనని చూస్తాను. ఉండకూడదని దణ్ణం పెట్టుకుంటూ చూస్తాను.

మొన్నొకరోజు ఏదో సినిమా, పేరు కూడా చూడలేదు. వర్షం. ఒక ముసలాయన గొడుగు మడిచి వాకిట్లో నిలబడ్డాడు. మొహం ఎవరిదో. నోరు తెరిచాడు.

"ఇదిగో..."

కామేశం బాబాయ్ గొంతు.

నా వేలు రిమోట్ మీదే ఉంది. నొక్కేశాను. తెర నల్లబడింది. ఆయన ఆ తర్వాత ఏమన్నాడో నాకు తెలియదు. "కాస్త మంచినీళ్ళు" అన్నాడేమో. "ఇదిగో అబ్బాయ్" అన్నాడేమో. నాకు అక్కర్లేదు.

వంటింట్లోంచి గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"వస్తున్నా, ఉండండి!"

పిన్ని తడిచేతులతో హాల్లోకి వచ్చింది. నల్లటి టీవీని చూసింది. నన్ను చూసింది. ఎవరని అడగలేదు. నాకూ టీవీకీ మధ్యనుంచి నడిచి వెళ్ళి వీధి తలుపు గడియ తీసింది. బయట ఎర్రటి ఎండ, ఎదురింటి గోడ, అంతే. చేతులు చీరకొంగుకి తుడుచుకుంటూ కాసేపు అక్కడే నిలబడి, తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తలుపు తీసే ఉంచింది.

ఆ సాయంత్రందాకా నేనూ ఆ తలుపు వెయ్యలేదు.